ఉత్తుత్తి కొట్టు, ఉత్తుత్తి ఆసుపత్రి: అపార్ట్‌మెంటు హాల్లో పిల్లలతో, వాళ్ల కుటుంబాలతో రోల్ ప్లే నడపడం గురించి

నిజాంపేటలోని మీ అపార్ట్‌మెంటు సంఘం నెలకు రెండు ఆదివారాలు కమ్యూనిటీ హాలు ఇవ్వడానికి ఒప్పుకుందనీ, రెండేళ్ల నుంచి ఆరేళ్ల వరకు వయసున్న పిల్లల కుటుంబాలు ఇరవై దాకా ఆసక్తి చూపుతున్నాయనీ, వంటిల్లు, సూపర్‌మార్కెట్, ఆసుపత్రి వంటి ప్లాస్టిక్ సెట్లు తెచ్చి అమర్చే ఒక సంస్థ కొటేషన్ కూడా ఇచ్చిందనీ రాశారు. ఆ సెట్లు తీసుకోవాలా, పెద్దలు లోపల ఉండాలా బయట కూర్చోవాలా, కలవని పిల్లల విషయంలో ఏం చేయాలి, ఆట తెలుగులో సాగాలా ఇంగ్లీషులో సాగాలా అన్నవి మీ ప్రశ్నలు. అంగన్‌వాడీ టీచర్ల శిక్షణలోనూ, ఆ తర్వాత కాలనీల్లో కుటుంబాలతోనూ చాలాకాలం ఈ పని చేసినదాన్ని కాబట్టి ముందుగా ఒక మాట తేల్చి చెబుతాను. ఆ కొటేషన్ పక్కన పెట్టండి. ఇటువంటి కార్యక్రమం నిలబడేది సామాన్ల వల్ల కాదు. పెద్దలు ఆటలోకి దిగి, అందులో చిన్న పాత్ర తీసుకుని, పెత్తనం పిల్లలకు వదిలేసినచోట అది నిలబడుతుంది. అలా జరగనిచోట ఎంత ఖరీదైన సెట్టు పెట్టినా మూడో వారానికి పిల్లలు దాని చుట్టూ పరుగులు తీయడం తప్ప మరేమీ చేయరు.

మీ సంఘం సభ్యుల్లో చాలామంది దీన్ని వేషధారణ పోటీగా ఊహించుకుంటున్నారని మీ ప్రశ్నలోని ఒకటి రెండు వాక్యాలను బట్టి అనుమానం కలిగింది. కృష్ణాష్టమికి కిరీటం పెట్టి నిలబెట్టడం, బడి వార్షికోత్సవంలో టమాటా వేషం వేసి నేర్పిన నాలుగు ముక్కలు అప్పగించమనడం వేరు. వాటికి వేదిక ఉంటుంది, చూసేవాళ్లుంటారు, బహుమతి ఉంటుంది, మాటలు ముందే పెద్దలు రాసి ఉంటారు. మీరు తలపెట్టిన దానిలో ఈ నాలుగూ ఉండకూడదు. మొదటి రోజే ఈ సంగతి అందరికీ స్పష్టంగా చెప్పకపోతే, తల్లులు పిల్లలకు డాక్టరు కోటు తొడిగి, ఫొటో దిగి, పది నిమిషాల్లో వెళ్లిపోతారు.

మనకు కావలసిన నమూనా మన దగ్గరే ఉంది, అది బొమ్మల పెళ్లి. చాలా ఊళ్లలో రెండు మూడు తరాల కిందటి వరకూ వేసవి సెలవుల్లో పిల్లలు రెండు జట్లుగా విడిపోయి, ఒకరు ఆడపెళ్లివారూ మరొకరు మగపెళ్లివారూ అయి, ముహూర్తం పెట్టుకుని, ఎదురుకోలు నుంచి అప్పగింతల వరకూ అన్నీ జరిపించేవారు. ఇంట్లో పెద్దవాళ్లు అటుకులో చలిమిడో చేసి ఇచ్చేవారు, ఇరుగుపొరుగు పెద్దలు పిలిస్తే వచ్చి అతిథులుగా కూర్చునేవారు, మర్యాద సరిగ్గా జరగలేదని వియ్యపురాలిలా మూతి ముడుచుకునేవారు కూడా. ఆ ఏర్పాటును జాగ్రత్తగా గమనించండి. పెళ్లి పెద్దలు పిల్లలు, పెద్దలు వచ్చిపోయే చుట్టాలు. పప్పూ ఉప్పూ పెద్దలవి, కథ మాత్రం పిల్లలది. గుజ్జనగూళ్ల ఆటలోనూ ఇదే జరిగేది: పిల్లలు ఇసుకతో అన్నం వండి వడ్డిస్తే తాతయ్య కూర్చుని, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పి, మళ్లీ వడ్డించుకునేవాడు. మీ హాల్లో జరగవలసిందీ సరిగ్గా ఇదే.

పరిశోధన కూడా ఈ వైపే చూపుతుంది. రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1933లో లెనిన్‌గ్రాడ్‌లో ఆట గురించి ఇచ్చిన ఉపన్యాసంలో ఇద్దరు అక్కచెల్లెళ్ల సంగతి చెప్పాడు. నిజంగానే అక్కాచెల్లెళ్లయిన ఇద్దరు పిల్లలు ‘అక్కాచెల్లెళ్ల ఆట’ ఆడుకుందామనుకుంటారు. మామూలుగా ఎలా ఉన్నా, ఆటలో మాత్రం అక్క అక్కలా, చెల్లెలు చెల్లెలిలా ఎలా ఉండాలో ఆలోచించి మరీ నడుచుకుంటారు. పాత్ర తీసుకోవడమంటే ఆ పాత్రకున్న కట్టుబాటును తనంతట తాను ఒప్పుకోవడమని ఆయన వివరణ. బస్సు కండక్టరైన నాలుగేళ్ల పిల్లవాడు సీటు కోసం తోసుకోకుండా నిలబడటం వెనుక ఉన్నది ఇదే. ఆ తర్వాత ఇజ్రాయెల్‌లో వలస కుటుంబాల పిల్లలతో పనిచేసిన సారా స్మిలాన్‌స్కీ 1968లో ప్రచురించిన అధ్యయనం మీకు నేరుగా పనికొస్తుంది. ఆమె కొంతమంది పిల్లలకు దుకాణం, ఆసుపత్రి వంటివి చూపించి తెచ్చింది, కొంతమందికి ఆట ఎలా ఆడాలో పెద్దలు కలిసి ఆడుతూ చూపారు, మరికొంతమందికి రెండూ చేశారు. చూపించి తెచ్చినంత మాత్రాన ఆట పెద్దగా మెరుగుపడలేదు. పెద్దలు కలిసి ఆడినచోట మెరుగుపడింది, రెండూ కలిసినచోట అన్నిటికంటే బాగా మెరుగుపడింది. అందుచేత రైతుబజారుకు తీసుకువెళ్లడం మంచిదే గానీ, వచ్చాక మీరు గోనెసంచి పరిచి పక్కన కూర్చోకపోతే ఆ ప్రయాణం సగంలో ఆగినట్టే.

పెద్దలు ఏం చేయాలన్నది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇదంతా దీని మీదే నడుస్తుంది. పెద్దలు తీసుకోవలసినవి కొనేవాడు, రోగి, ప్రయాణికుడు, చుట్టం, బిల్లు కట్టడానికి వరుసలో నిలబడ్డవాడు వంటి పాత్రలు. దుకాణదారు, డాక్టరు, కండక్టరు పిల్లలే కావాలి. పాత్రలో ఉండి అడిగే ప్రశ్న ఆటను ముందుకు నడుపుతుంది, పాత్ర బయట నిలబడి అడిగే ప్రశ్న దాన్ని ఆపేస్తుంది. ‘ఇదేం రంగు? ఇవి ఎన్ని ఉన్నాయి? లెక్కపెట్టు చూద్దాం’ అంటే పిల్లవాడికి అది పరీక్ష అని వెంటనే తెలిసిపోతుంది, దుకాణం మాయమైపోతుంది. అదే తండ్రి సంచి పట్టుకుని వచ్చి, ‘అన్నా, ఇంటికి నలుగురు చుట్టాలొస్తున్నారు, మనిషికి రెండు చొప్పున బంగాళాదుంపలు కావాలి’ అంటే, ఆ ఎనిమిది లెక్కపెట్టడం దుకాణదారు బాధ్యత అవుతుంది. అతడు ఏడే వేస్తే సరిదిద్దకండి. ఇంటికి వెళ్లి తిరిగొచ్చి, ‘ఒకరికి తక్కువొచ్చింది, మా బావమరిది అలిగాడు’ అనండి. ఆ ఒక్క దుంప కోసం దుకాణదారు చేసే వెతుకులాటలో మీరు నేర్పించాలనుకున్న లెక్క ఎలాగూ ఉంటుంది.

ఇంకొకటి, ఆట బాగా సాగుతున్నప్పుడు పెద్దలు నెమ్మదిగా వెనక్కి తగ్గాలి. ‘నాకు బస్సు టైమైంది, వస్తానమ్మా’ అని లేచి గోడ దగ్గరకు వెళ్లి కూర్చోవడం చాలు. ఈ వెనక్కి తగ్గడం తల్లుల కంటే తండ్రులకు కష్టమని నా అనుభవం, వాళ్లు దిగడానికి బిడియపడతారు గానీ దిగాక లేవరు. తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు దీనిలో అందరికంటే బాగా కుదురుకుంటారు, వాళ్లకు తొందర ఉండదు, ఫోను మోగదు. మీ దగ్గర పల్లెల నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి వాళ్లను ప్రత్యేకంగా పిలవండి, పీటలు గానీ కుర్చీలు గానీ వేయండి, నేల మీద కూర్చోలేనివాళ్లుంటారు. ఫోన్ల విషయంలో మాత్రం మొహమాటపడవద్దు: లోపలికి వచ్చేముందు ఫోన్లన్నీ ఒక బుట్టలో పెట్టించండి. ఎవరైనా వీడియో తీస్తున్నారని తెలిసిన క్షణంలో పిల్లలు ఆడటం మాని నటించడం మొదలుపెడతారు. ఇతరుల పిల్లల వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం గురించి ఆ తర్వాత వచ్చే గొడవలు కూడా ఉండవు.

వయసుల తేడా గురించి అంత దిగులు అక్కరలేదు గానీ తెలిసి ఉండటం మంచిది. ఏడాదీ ఏడాదిన్నర మధ్య పిల్లలు ఖాళీ గ్లాసెత్తి తాగినట్టు చేస్తారు, రెండేళ్లకు అదే గ్లాసు బొమ్మ నోటికి అందిస్తారు, మూడేళ్లు దగ్గరపడేసరికి చెక్కముక్క ఫోనవుతుంది, అరటిపండు ఫోనవుతుంది. నలుగురు కలిసి ‘నువ్వు అమ్మవి, నేను డాక్టర్ని, వీడికి జ్వరం’ అని పాత్రలు పంచుకుని కథ నడపడం నాలుగేళ్ల తర్వాత గట్టిపడుతుంది. కాబట్టి రెండేళ్లవాడు దుకాణంలోని సరుకంతా సంచిలో వేసుకుని ఎత్తుకుపోయి మళ్లీ తెచ్చి పోస్తుంటే ఆటను పాడుచేస్తున్నట్టు కాదు, అతడి వయసుకు అదే ఆట. పెద్ద పిల్లలకు ఇది కోపం తెప్పిస్తుంది. అప్పుడు అతడిని లారీ డ్రైవరని, హోల్‌సేల్ నుంచి సరుకు దింపుతున్నాడని చెబితే సమస్య చాలాసార్లు తీరిపోతుంది.

హాలు అమరిక, సమయం విషయానికొస్తే నేను చెప్పేది మీ సంఘానికి నచ్చకపోవచ్చు. ప్రతి ఆదివారం కొత్త అంశం పెట్టవద్దు. ఒకే అంశాన్ని కనీసం నాలుగు ఆదివారాలు, అంటే మీ లెక్కలో రెండు నెలలు, ఉంచండి. మొదటిసారి పిల్లలు సామాన్లు తడిమి చూస్తారు, రెండోసారి పాత్రలు పంచుకుంటారు, అసలు కథలు పుట్టేది మూడోసారి నుంచి. ఆడే సమయం కూడా విరామం లేకుండా ముప్పావు గంటకు తగ్గకూడదు. 1988లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో, పావుగంట ఇచ్చినప్పటి కంటే అరగంట ఇచ్చినప్పుడు పిల్లల ఆట మరింత పరిణతి చెందిన తీరులో సాగిందని తేలింది, ఎందుకంటే ఎవరు ఏమిటన్నది తేల్చుకోవడానికే పిల్లలకు మొదటి పది పదిహేను నిమిషాలు పోతాయి. మీ హాల్లో రెండు మూలలకు మించి అమర్చవద్దు. ఒకటి ఎప్పుడూ ఇల్లే ఉండాలి, పొయ్యి, చాప, పాపాయి బొమ్మ, పాత దుప్పటి, ఒక చీపురు చాలు. రెండోది ఆ రెండు నెలల అంశం. ఇల్లు ఎందుకంటే, దుకాణానికి వెళ్లేవాడు ఎక్కడో ఒకచోటు నుంచి బయల్దేరాలి, కొన్నది వండుకోవాలి. రెండు మూలల మధ్య నడక ఉన్నప్పుడే కథ ఉంటుంది.

మొదటి అంశంగా కిరాణా కొట్టు పెట్టమంటాను. సూపర్‌మార్కెట్ సెట్టు వద్దనడానికి కారణం, సూపర్‌మార్కెట్లో మాట్లాడుకునే పని దాదాపు ఉండదు, బండి తోయడం, బిల్లు వేయించుకోవడం తప్ప. కిరాణా కొట్టులో అడగాలి, బేరమాడాలి, తూకం సరిగ్గా లేదని దెబ్బలాడాలి, అరువు పెట్టాలి, ఖాతా పుస్తకంలో రాయాలి. రాయడం రాని పిల్లలు ఆ పుస్తకంలో గీసే గీతలే వాళ్ల తొలి రాతలు. సామాన్లు ఇళ్లలోవే తెప్పించండి: ఖాళీ టీపొడి డబ్బాలు, బిస్కెట్ పెట్టెలు, సబ్బుల అట్టలు, పాత వార్తాపత్రికలతో చేసిన పొట్లాలు. ఆ పొట్లాం చుట్టడం మన పెద్దవాళ్లలో కొందరికే వచ్చు, నేర్పమంటే సంతోషంగా నేర్పుతారు. రెండు ప్లాస్టిక్ మూతలు, దారం, ఒక కర్రతో తక్కెడ తయారవుతుంది, ఎవరింట్లోనైనా మూలనపడి ఉన్న సోల, తవ్వ, గిద్ద దొరికితే అవీ తెప్పించండి. డబ్బుల సంగతి ఇప్పుడు తమాషాగా ఉంటుంది. ఈ తరం పిల్లలు నోటు ఇవ్వరు, చెక్కముక్క ఎత్తి దుకాణం గోడకు చూపించి, తామే యంత్రంలా గొంతు మార్చి ‘వంద రూపాయలు వచ్చాయి’ అని ప్రకటిస్తారు. దాన్ని తప్పుపట్టవద్దు, వాళ్లు చూస్తున్న లోకం అది. అయితే దుకాణదారుకు ‘చిల్లర లేదు’ అనే అవకాశం ఉండాలి కాబట్టి పక్కన కాగితపు నోట్లూ, పెద్ద అట్టబిళ్లలూ ఉంచండి, అరువుకు వచ్చే తాతయ్య ఎలాగూ ఒకడు ఉండాలి.

బస్సు ఆటకు ఖర్చేమీ ఉండదు, వరుసగా వేసిన కుర్చీలే బస్సు. కండక్టరు ‘రైట్ రైట్’ అనాలి, టిక్కెట్లు చింపాలి, ముసలామెకు సీటు ఇప్పించాలి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక ఈ ఆటలో కొత్త ఘట్టం చేరింది, అమ్మ పాత్రలో ఉన్న పాప ఆధార్ కార్డు చూపించి జీరో టిక్కెట్ అడుగుతుంది, ఇవ్వకపోతే నిలదీస్తుంది.

ఆసుపత్రి అంశాన్ని మాత్రం మూడో విడతకు వదిలేయండి, పిల్లలూ పెద్దలూ ఆటకు అలవాటుపడ్డాక అది బాగా పండుతుంది. టీకాలు, ఇంజెక్షన్లు, రాత్రిపూట ఎమర్జెన్సీ వార్డు వంటివి పిల్లల మనసులో పెద్ద విషయాలు, వాటిని తామే డాక్టరై తిప్పి ఆడుకోవడంలో వాళ్లకు ఊరట ఉంటుంది. జర్మనీ, బ్రిటన్ వంటి దేశాల్లో వైద్య విద్యార్థులు బొమ్మల ఆసుపత్రులు నడుపుతుంటారు, పిల్లలు జబ్బుపడిన తమ ఎలుగుబంటి బొమ్మను తీసుకువెళ్లి చూపిస్తారు, ఆసుపత్రి అంటే భయం తగ్గించడం వాటి ఉద్దేశం. మీ అపార్ట్‌మెంటులో నర్సు గానీ డాక్టరు గానీ ఉంటే ఒక పూట రమ్మనండి, అయితే వచ్చినవారు ఉపన్యాసం ఇవ్వకుండా రోగిగా పడుకోవాలని షరతు పెట్టండి. మందుల దుకాణంలో కొన్న కొత్త సిరంజీలను సూది లేకుండా ఇవ్వవచ్చు, వాడినవి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇంజెక్షన్ వేసేముందు ‘నొప్పి ఉండదు’ అని అబద్ధం చెప్పే డాక్టర్లు చాలామంది తయారవుతారు. ఆ మాట వాళ్లకు ఎవరు చెప్పారో పక్కనే ఉన్న తల్లిదండ్రులు ఆలోచించుకుంటే మంచిది.

భద్రత గురించి కొన్ని ఖచ్చితమైన విషయాలు చెప్పాలి. కిరాణా కొట్టు అనగానే అందరూ ఇంటి నుంచి శనగలు, పల్లీలు, చింతగింజలు, కందిపప్పు తెస్తారు. మూడేళ్ల లోపు పిల్లలున్న హాల్లో ఇవేవీ వద్దు. పల్లీ గింజ శ్వాసనాళంలో ఇరుక్కోవడం, చింతగింజ ముక్కులోనో చెవిలోనో దూరడం మన దగ్గర తరచూ జరిగే ప్రమాదాలు. వాటి స్థానంలో నిజమైన ఉల్లిగడ్డలు, బంగాళాదుంపలు, నిమ్మకాయల కంటే పెద్ద వస్తువులు పెట్టండి. గొంతులో ఇరుక్కోగల చిన్న వస్తువులను గుర్తించడానికి వాడే ప్రామాణిక గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. మీరు ఇంకొంచెం జాగ్రత్త కోసం అట్టను 4 సెంటీమీటర్ల వ్యాసంలో గొట్టంగా చుట్టి, దానిలో పూర్తిగా పట్టేసే వస్తువు ఏదైనా తీసి పక్కన పెట్టండి. మాట్లాడే బొమ్మల్లో, వెలిగే తాళంచెవుల్లో ఉండే బటన్ బ్యాటరీలు అన్నిటికంటే ప్రమాదకరం, మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చేయగలవు, కనుక బ్యాటరీ బొమ్మలన్నీ హాలు బయటే ఉండాలి. ఊదని బుడగలు, పగిలిన బుడగల ముక్కలు కూడా అంతే. కొనవలసిన బొమ్మలేవైనా ఉంటే ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి, 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు అది తప్పనిసరి. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన వాటికి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్కపిడతల సెట్టు ఒకటి కొనుక్కోమని చెబుతాను, అంకుడు కర్రను తిప్పి, లక్కకు సహజ రంగులు కలిపి చేసేవి. అయితే వాటిలోని చిన్న మూతలు, గరిటెలు చిన్నపిల్లలకు అందకుండా తీసి పెట్టండి. కొండపల్లి బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి గానీ తెల్లపొణికి చెక్క మెత్తనిది, ఈ ఆటకు తట్టుకోదు, కొలువులో ఉంచండి. ఊపిరి ఆడకపోతే ఏం చేయాలో తెలిసిన పెద్దవారు ప్రతి ఆదివారం ఒకరైనా ఉండాలి, 108 నంబరు గోడ మీద ఉండాలి.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, అపార్ట్‌మెంట్లలో ఇది తప్పక ఎదురవుతుంది. ఇల్లు ఆటలో పిల్లలు అమ్మ, నాన్నతో పాటు ‘పనిమనిషి’ పాత్ర కూడా పెడతారు. ఆ పాత్రను ఎవరికో బలహీనంగా ఉన్న పిల్లకు అంటగట్టి, ఇంట్లో విన్న గొంతుతోనే గద్దిస్తారు. వాచ్‌మన్ విషయంలోనూ ఇదే. దీన్ని ఆపి హితబోధ చేస్తే ఆట చస్తుంది, బుద్ధి రాదు. ఒక తల్లి ఆ పాత్ర తానే తీసుకోవాలి. ‘అమ్మా, నా బిడ్డకు జ్వరం, రేపు రాలేను. జీతం ఎప్పుడిస్తారు? టీ కూడా ఇవ్వలేదు’ అని అడిగితే, గద్దించే చిన్న యజమానురాలు కొద్దిసేపు తెల్లబోయి, తర్వాత ఏదో ఒక సమాధానం వెతుక్కుంటుంది, తరచుగా టీ పెట్టడానికి లేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, మీ భవనంలో పనిచేసే వాచ్‌మన్ పిల్లలను, ఇళ్లలో పనిచేసే మహిళల పిల్లలను ఈ కార్యక్రమానికి పిలవండి, అందరితో సమానంగా, రుసుము లేకుండా. కొందరు సభ్యులు సణుగుతారు. ఆ సణుగుడు భరించలేకపోతే దీన్ని కమ్యూనిటీ కార్యక్రమం అని పిలవకండి.

కలవని పిల్లల గురించి అడిగారు. అమెరికన్ పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో పిల్లల ఆటలోని దశలను వర్గీకరించినప్పుడు, పక్కన నిలబడి ఇతరుల ఆట చూడటాన్ని ఒక దశగానే లెక్కించింది. చూస్తున్న పిల్లవాడు లోపల పని చేసుకుంటూనే ఉంటాడు, చాలామంది హాల్లో ఒక్క మాటా మాట్లాడకుండా ఇంటికి వెళ్లి ఆట మొత్తం అమ్మతో ఆడించుకుంటారు. అతడిని ముందుకు తోయవద్దు, ‘సిగ్గు’ అన్న మాట అతడి ముందు అనవద్దు. గుంపులోకి దిగకుండానే ఆటలో భాగమయ్యే పనులు కొన్ని ఉంటాయి, టిక్కెట్ల మీద ముద్ర వేయడం, కొట్టు తలుపు తెరిచి మూయడం, సంచులు అందించడం వంటివి. ఒకే పని మళ్లీ మళ్లీ చేసే ఇలాంటి పాత్రలు ఆటిజం ఉన్న పిల్లలకు కూడా బాగా నప్పుతాయి. రెండేళ్లు దాటినా ఉత్తుత్తి ఆట ఛాయలేవీ ఇంట్లో కూడా కనిపించడం లేదనీ, పిలిస్తే తిరిగి చూడటం లేదనీ తల్లిదండ్రులు చెబితే, మీరు పేర్లు పెట్టకుండా పిల్లల వైద్యుడిని గానీ, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద జిల్లా కేంద్రాల్లో నడిచే, పిల్లల ఎదుగుదల లోపాలను ముందుగా గుర్తించి సాయపడే కేంద్రాన్ని (డీఈఐసీ) గానీ సంప్రదించమని సూచించండి. ఆ మాట నలుగురిలో కాకుండా విడిగా చెప్పాలి.

ఆటలో దెబ్బలు, తాగుడు, పోలీసు, చావు వంటివి వస్తాయి, వచ్చిన వెంటనే కంగారుపడకండి. చావును ఆడటం పిల్లల్లో చాలా మామూలు. ఒకే హింసాత్మక ఘట్టాన్ని ఒక పిల్ల వారాల తరబడి అదే క్రమంలో ఆడుతుంటేనో, వయసుకు మించిన లైంగిక విషయాలు కనిపిస్తేనో మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అటువంటప్పుడు పిల్లను ప్రశ్నలతో తవ్వకుండా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేసి సలహా తీసుకోండి.

భాష విషయంలో మీరు నిబంధన పెట్టకండి, పెద్దలు మాత్రం తమ ఇంటి తెలుగులోనే మాట్లాడాలి. ప్రీస్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషుతో పిల్లలు ‘హలో, వాట్ యూ వాంట్’ వరకు వెళ్తారు, బేరం మొదలవగానే తెలుగులోకి వచ్చేస్తారు. బతిమాలడానికీ, దెబ్బలాడటానికీ, అలగడానికీ వాళ్ల దగ్గరున్న భాష అది. మీ భవనంలో కరీంనగర్ వాళ్లూ, గుంటూరు వాళ్లూ, కడప వాళ్లూ ఉంటారు కాబట్టి ఒకే కొట్టుకు ఉల్లిగడ్డ కోసం ఒకరు, ఉల్లిపాయ కోసం ఒకరు, ఎర్రగడ్డ కోసం ఒకరు వస్తారు, దుకాణదారు ముగ్గురికీ సరుకివ్వాలి. హిందీ మాట్లాడే కుటుంబాలుంటే వాళ్లు హిందీలోనే కొనుక్కుంటారు, నిజమైన కొట్టులో జరిగేది కూడా అదే కదా.

దీనివల్ల తెలివితేటలు పెరుగుతాయని కరపత్రంలో వేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అమెరికన్ మనస్తత్వవేత్త ఏంజెలిన్ లిల్లార్డ్, ఆమె సహచరులు 2013లో అప్పటివరకూ వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి, ఉత్తుత్తి ఆట వల్లే పిల్లల సృజనాత్మకతో, బుద్ధో పెరుగుతుందని గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చారు. ఇటువంటి ఆటకు, మెరుగైన భాషకు సంబంధం కనిపిస్తుంది గానీ ఏది దేనివల్ల అన్నది తేలలేదు. కొన్ని చిన్న విషయాలకు మంచి ఆధారాలున్నాయి. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, కష్టపడి పనిచేసే ఒక పాత్రను తామేనని ఊహించుకున్న నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలు విసుగు పుట్టించే పనిలో ఎక్కువసేపు నిలబడ్డారు. తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇంకా సాదాగా ఉంటుంది: రెండు వారాలకోసారి ముప్పావు గంటసేపు, ఫోను లేకుండా, మీ పిల్లవాడు నడిపే కథలో మీరు ఉంటారు. దానికి ఇంకో సమర్థన అవసరమని నాకు తోచదు. మీ సంఘం కార్యదర్శికి ప్రభుత్వ పత్రం ఏదైనా చూపించవలసి వస్తే, 2022 అక్టోబర్‌లో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చూపించండి, మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల చదువుకు ఆటనే మూలంగా అది పేర్కొంటుంది.

మొదటి ఆదివారం ఇరవై కుటుంబాలనూ పిలవవద్దు, ఎనిమిది చాలు, ఒక్కో పిల్లవాడికి ఇంట్లోని పెద్ద ఒకరు తప్పనిసరి. దగ్గర్లోని అంగన్‌వాడీ టీచరును ఒకసారి కలవండి, వాళ్లు నెలకోసారి తల్లిదండ్రులను పిలిచి జరిపే ఈసీసీఈ (పూర్వ బాల్య సంరక్షణ, విద్య) దినం చూస్తే మీకు చాలా ఆలోచనలు వస్తాయి, ఆమెను మీ హాలుకు పిలిస్తే మరీ మంచిది. ఖర్చు కింద రెండు చాపలు, ఒక పెద్ద అట్టపెట్టె, లక్కపిడతల సెట్టు, ఖాతా పుస్తకం, ముద్ర, సిరా, నాలుగు గోనెసంచులు రాసుకోండి. ఆట అయ్యాక సామాన్లు సర్దడం కూడా ఆటలోనే కానివ్వండి, కొట్టు కట్టేసే వేళయిందని దుకాణదారే చెప్పాలి. పెట్టెలన్నీ ఎక్కడ భద్రపరచాలన్నది మాత్రం ముందే మీ సంఘంతో తేల్చుకోండి, ఇటువంటి చాలా కార్యక్రమాలు అల్మారా లేక ఆగిపోతాయి.